హమ్మింగ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హమ్మింగ్ గారికి,

సొంతంగా కట్టుకున్న ప్రతి ఆంప్లిఫయర్‌లోనూ పిలవకుండానే కొలువుదీరే తమరికి నమస్కారాలు. పాట ఆగీ ఆగకముందే స్పీకర్లోంచి గుయ్‌మంటూ పలకరించే తమరి మర్యాదకు జోహార్లు.

తమరు రాగానే తన్నులు తినేది మాత్రం రెగ్యులేటర్, అంటే వోల్టేజిని స్థిరంగా నిలిపే ఐసీ. 12 వోల్టులిచ్చే 7812 నకిలీదంటారు, పీకేసి ఇంకోటి పెడతారు. డీసీలో మిగిలే ఎగుడుదిగుళ్ళను సాపు చేసే ఫిల్టర్ కెపాసిటర్‌ను 2200 మైక్రోఫారడ్ల నుంచి 10,000కి పెంచుతారు. ఒక్కోసారి దాంతో తమరు ఇంకాస్త గొంతు పెంచుతారు. కెపాసిటర్ పెద్దదయ్యేకొద్దీ ఛార్జింగ్ కరెంటు ఇంకా తక్కువసేపు, ఇంకా ఎక్కువ ఎత్తున దూకుతుందనీ, అది నడిచే తీగే తమరి సింహాసనమనీ వాళ్ళకు తెలియకపోవడమే తమరి అదృష్టం.

లెక్క వేసి చూడండి. 50 హెర్ట్జ్ మెయిన్స్ అయితే, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫైయర్ సెకనుకు 100 సార్లు కెపాసిటర్‌ని నింపుతుంది. లోడు లాగేది ఒక ఆంపియరే అయినా, నింపేటప్పుడు 5 ఆంపియర్లు సునాయాసంగా పారతాయి. ఆ కరెంటు పారే అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 15 సెంటీమీటర్లంటే దాదాపు 5 మిల్లీఓములు. గుణిస్తే 25 మిల్లీవోల్టులు. చిన్న సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీఆంప్ గ్రౌండును (సున్నా వోల్టుల తీగను) కూడా అదే ముక్కకు అతికిస్తే, రికార్డ్ ప్లేయర్ పికప్ ఇచ్చే 5 మిల్లీవోల్టుల పక్కన తమరు ఐదింతలై కూర్చుంటారు. “గ్రౌండ్ ఎక్కడైనా గ్రౌండే కదా” అని మొదట అన్నవాడెవడో గానీ, వాడికి తమరు గుడి కట్టించాలి.

తమరికి గిట్టని వైరింగ్ ఇది. సింగిల్ సప్లయిలో బ్రిడ్జి మైనస్, ప్లస్, మైనస్ రెండూ ఇచ్చే డబుల్ సప్లయిలో ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (మధ్య తీగ) నేరుగా ఫిల్టర్ కెపాసిటర్ గ్రౌండు కాలికే రావాలి. దారిలో ఇంకే వైరూ దాన్ని తాకకూడదు. ఆ కాలి నుంచి పొట్టిగా, మందంగా ఒక తీగ పక్కకు లాగాలి. దాని కొస స్టార్ పాయింట్. రెగ్యులేటర్ గ్రౌండు, స్పీకర్ రిటర్న్, ప్రీఆంప్ గ్రౌండు దేని తీగతో అది విడిగా ఆ కొసకే చేరాలి. కెపాసిటర్ కాలినే స్టార్ చేసేవాళ్ళూ ఉన్నారు, తమరి అభిమానులు!

రెండు రెసిస్టర్లతో వోల్టేజిని ఎంచుకునే రెగ్యులేటర్ ఎల్ఎం317 దగ్గర తమరి చాకచక్యం మరీ చూడముచ్చట. అవుట్‌కీ అడ్జస్ట్‌కీ మధ్య 120 ఓముల రెసిస్టర్, అడ్జస్ట్ నుంచి గ్రౌండుకి 1.3 కిలోఓములు పెడితే దాదాపు 15 వోల్టులు వస్తాయి. ఇంతవరకు అందరూ సరిగ్గానే కడతారు. కానీ 1.3 కిలోఓముల కింది కాలు ఛార్జింగ్ కరెంటు పారే తీగ మీద పడిందో, అక్కడున్న 25 మిల్లీవోల్టులూ యథాతథంగా అవుట్‌పుట్‌కి ఎక్కుతాయి. 317 పాపం తన పని తాను చేసింది, కింద నేల ఊగితే అదీ ఊగింది. కాబట్టి ఆ కాలు, అడ్జస్ట్ మీది 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మైనస్ కాలు లోడు గ్రౌండుకే వెళ్ళాలి. 120 ఓముల రెసిస్టర్ మాత్రం అందుకు ఉల్టా: ఐసీ అవుట్ కాలిని ఆనుకునే ఉండాలి. దాన్ని దూరంగా లోడు దగ్గర పెడితే మధ్యనున్న తీగ రెసిస్టెన్స్ సుమారు 12 రెట్లయి కనిపిస్తుంది.

తమరికి ఇంకో దొడ్డిదారి, 7812కి 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. పేర్లు కలిశాయి కదా అని పెళ్ళి చేసేస్తారు. 12 వోల్టుల ఏసీ శిఖరం 17, బ్రిడ్జి 1.4 మింగితే 15.6. అర ఆంపియరు లోడు, 2200 మైక్రోఫారడ్లు అంటే 2.3 వోల్టుల రిపుల్, అంటే ఎగుడుదిగుడు. అడుగు 13.3 దాకా దిగుతుంది. 7812 నిలబడాలంటే కనీసం 14 కావాలి. సెకనుకు 100 సార్లు అది చేతులెత్తేస్తుంది, ఆ సందుల్లోంచి తమరు దర్జాగా నడిచొస్తారు. పెద్ద కెపాసిటర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అదీ మెయిన్స్ ఓ పది శాతం తగ్గితే చాలదు. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, రెగ్యులేటర్ మీద పడే 3 వాట్ల పైచిలుకు వేడికి హీట్‌సింక్ బిగించుకోవడమే దారి.

హీట్‌సింక్ అంటే గుర్తొచ్చింది. 7812 వీపు (లోహపు పలక) గ్రౌండు, మైనస్ 12 వోల్టులిచ్చే 7912 వీపు ఇన్‌పుట్, 317 వీపు అవుట్‌పుట్. కరెంటు దాటకుండా అడ్డుపెట్టే మైకా, ప్లాస్టిక్ బుష్ లేకుండా అన్నిటినీ ఒకే రేకుకి బిగించేవాళ్ళ ఇంట తమరు ఉండరు, పొగ ఉంటుంది.

తమరి ఆచూకీ తీసేవాళ్ళు ముందు వాల్యూమ్ సున్నాకి తిప్పుతారు. అయినా వినిపిస్తే తమరు పవర్ ఆంప్ వైపు ఉన్నట్టు. గరగరమంటూ 100 హెర్ట్జ్ అయితే ఛార్జింగ్ కరెంటో, రిపులో. మెత్తగా 50 అయితే రెండు పెట్టెల గ్రౌండు తీగలు చుట్టు తిరిగి కలిసే గ్రౌండ్ లూపో, ట్రాన్స్‌ఫార్మర్ సామీప్యమో.

తా.క.: లూపు తెగుతుందని ప్లగ్గులో ఎర్త్ తీసేసేవాళ్ళున్నారు. తమరు పోతారు నిజమే, లోపల మెయిన్స్ తీగ రేకుకి తగిలిన రోజున మనిషీ పోతాడు. ఎర్త్ తీగ రంగు గీకిన ఛాసీకి (రేకు పెట్టెకి), పళ్ళ వాషర్‌తో, విడి బోల్టు మీద బిగియాలి. స్టార్ పాయింట్‌కీ ఛాసీకీ మధ్య 10 ఓముల రెసిస్టర్, దానికి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 35 ఆంపియర్ల బ్రిడ్జి ఒకటి. బ్రిడ్జి ప్లస్ మైనస్ కాళ్ళు ఒకదానికొకటి కలిపేసి, ఏసీ కాళ్ళు రెండూ వాడాలి. ఇన్‌పుట్ సాకెట్లు రేకుకి తగలకూడదు, తగిలితే ఈ ఏర్పాటంతా వృథా.

ఇట్లు,
సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్ళు