పిచ్ కలిసినంత మాత్రాన లింకు కలవదు

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో మెయింటెనెన్స్ కుర్రాళ్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది: "కన్వేయర్ చైన్‌కి చెవి విరిగితే చైన్ మార్చక్కర్లేదు. పిచ్ కలిసిన లింకు ఏదైనా వేసెయ్. దొరక్కపోతే పాత లింకుకే పట్టీ వెల్డ్ చెయ్. పైన గ్రీజు దట్టించు."

చెవి అంటే వస్తువుని తోసే పుషర్‌ని బిగించడానికి లింకు ప్లేటుకి పక్కన ఉండే రెక్క. ముందు పిచ్ సంగతి: ఒక పిన్ నుంచి పక్క పిన్‌కి ఉన్న దూరమే పిచ్. విడిభాగాలు అమ్మే ఎస్.జె.పి. రోడ్‌కి వెళ్లి "అరంగుళం చైన్ లింకు" అంటే సరిపోదు, 08ఎ (అమెరికన్ కొలత) కావాలో 08బి (బ్రిటిష్ కొలత) కావాలో చెప్పాలి. రెండింటి పిచ్ 12.7 మి.మీ.యే. కానీ 08ఎ పిన్ 3.98, రోలర్ 7.92 మి.మీ.; 08బి పిన్ 4.45, రోలర్ 8.51. 08బి పిన్ 08ఎ బుష్‌లో (పిన్ తిరిగే గొట్టంలో) దూరదు, కాబట్టి ఆ పొరపాటు అక్కడికక్కడే తెలిసిపోతుంది. 08ఎ పిన్ మాత్రం 08బి బుష్‌లోకి హాయిగా దూరిపోతుంది. దాదాపు అర మిల్లీమీటరు వదులు మిగులుతుంది, ఆ జాయింటు దగ్గరే స్ప్రాకెట్ (పళ్ల చక్రం) కొట్టుకోవడం మొదలవుతుంది.

పిచ్ తర్వాత చూడాల్సింది చెవుల మధ్య దూరం. ప్రతి ఎనిమిదో పిచ్‌కి చెవి ఉంటే మొత్తం పిచ్‌ల సంఖ్య ఎనిమిదితో భాగించబడాలి: 120 అయితే 15 చెవులు, 122 అయితే జాయింటు దగ్గర లెక్క తప్పి పుషర్ వస్తువుకి అందదు. మూడు, అయిదు లాంటి బేసి దూరాల్లో చెవి ఒకసారి బయటి ప్లేటు మీద, మరోసారి లోపలి ప్లేటు మీద పడుతుంది. లోపలి లింకులో బుష్‌లు ప్రెస్ చేసి ఉంటాయి, జాయింట్ లింకుతో (చైన్ కొసల్ని కలిపి క్లిప్‌తో బిగించే బయటి లింకుతో) దాని పని జరగదు. ఒకవైపే చెవి ఉన్న ఎ-1 మీద బరువు వేస్తే చైన్ మెలిక పడుతుంది. రెండువైపులా ఉన్న కె-1 తీసుకోండి.

వెల్డింగ్ సలహా అన్నిటికంటే చెడ్డది. ప్లేటు హీట్ ట్రీట్ చేసిన స్టీలు. ఆ వేడికి పట్టీ పక్కన ఒకచోట మెత్తబడి, ఇంకోచోట పెళుసవుతుంది. విరిగేది వెల్డు కాదు, దాని పక్కనున్న ప్లేటు. పైగా పిన్, బుష్ మధ్య నూనె మాడిపోతుంది.

"చైన్ మార్చక్కర్లేదు" అన్నది కొత్త చైన్ విషయంలో నిజమే. విరిగింది బయటి లింకైతే పిన్ తలలు గ్రైండ్ చేసి, పిన్‌లు తోసేసి, అదే రకం చెవి ఉన్న జాయింట్ లింకు వేయొచ్చు. క్లిప్ మూసి ఉన్న కొస చైన్ నడిచే దిక్కుకి ఉండాలి. అరిగిన చైన్‌లో మాత్రం కొత్త లింకు పొట్టిగా మిగిలి దెబ్బలు తింటుంది. అందుకే ముందు కొలవండి: మెషీన్ ఆపి, కరెంటు తీసి తాళం వేసి, చైన్‌ని బిగువుగా పట్టి 48 పిచ్‌లు చూడండి. అరంగుళం చైన్ అయితే కొత్తలో 609.6 మి.మీ. ఉండాలి. 622 దాటితే సాగుడు రెండు శాతం, చైన్ మొత్తం మార్చాల్సిందే. జంట చైన్లయితే రెండూ ఒకేసారి.

ఇక గ్రీజు. సాగుడు అంటే ప్లేటు సాగడం కాదు, పిన్, బుష్ అరగడం. చల్లారిన గ్రీజు ఆ సందులోకి వెళ్లదు, బయట కూర్చుని దుమ్ము పట్టుకుంటుంది. ఎస్.ఏ.ఇ. 20 లేదా 30 నూనెను వదులుగా ఉన్న వైపు, లోపలి ప్లేటుకీ బయటి ప్లేటుకీ మధ్య సందులో చుక్కలుగా వేయండి. అంతకుముందు పాత జిడ్డుని కిరోసిన్‌తో కడిగి, ఆరగానే నూనె వేయడం మరవకండి.