ఇంటర్ ఎక్కడ చదివించాలో తేల్చే ముందు ఇది చూడండి

జేఈఈ మెయిన్ ఫలితాలు రాగానే హైదరాబాద్‌లో తల్లిదండ్రులు ముందు అడిగేది, ఈ ర్యాంకుకి కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ అయిన వరంగల్ నిట్‌లో సీటు వస్తుందా అని. ర్యాంకు ఒక్కటే చెబితే ఎవరూ జవాబు ఇవ్వలేరు, పిల్లలు ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యారో కూడా చెప్పాలి. ఆ సంగతేమో రెండేళ్ల ముందే, కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి ఫీజులో రాయితీ ఇస్తానన్న రోజే తేలిపోయి ఉంటుంది.

నిట్‌లలో సగం సీట్లు సొంత రాష్ట్రానికి, సగం మిగతా రాష్ట్రాలకు. ఇక్కడ ఆధార్‌లో అడ్రస్, అమ్మానాన్నల ఊరు ఏవీ చూడరు, పన్నెండో తరగతి మొదటిసారి ఎక్కడ పాసైతే అదే సొంత రాష్ట్రం. అందుకే విజయవాడ నుంచి వచ్చి మాదాపూర్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివిన అమ్మాయికి వరంగల్‌లో హోం స్టేట్ కోటా ఉంటుంది, మంచి కోచింగ్ అని విజయవాడ వెళ్లి అక్కడ ఇంటర్ పూర్తిచేసిన నల్లగొండ అబ్బాయికి మాత్రం సొంత నిట్ తాడేపల్లిగూడెం అయిపోతుంది, తన ఇంటికి దగ్గర్లో ఉన్న వరంగల్‌కి దేశం మొత్తంతో పోటీపడాలి. నిట్ సీట్లు కేటాయించే జోసా సైట్‌లో పోయినేడు ఆఖరి ర్యాంకులు చూసేవాళ్లు ఈ రెండు కోటాల లెక్కలూ విడివిడిగా చూడాలి, లేకపోతే ఉన్న ఆశ పోగొట్టుకుంటారు, లేదా లేని ఆశ పెట్టుకుంటారు.

ఇప్పుడు అదే విజయవాడ అమ్మాయి ఉస్మానియా, జేఎన్టీయూ సీటు కోసం రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాస్తే ఏమవుతుంది? నాన్ లోకల్. అక్కడ రాజ్యాంగం 371డి అధికరణం కింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు లెక్క, అంటే వరసగా నాలుగేళ్లు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా తెలంగాణలోనే చదివి ఉండాలి. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి, మిగిలిన 15 శాతంలో ఆంధ్ర పిల్లలూ పోటీపడేవాళ్లు. ఉమ్మడి ప్రవేశాలకు విభజన చట్టం పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది, 2025-26 నుంచి ఆ 15 శాతం కూడా తెలంగాణకు సంబంధం ఉన్నవాళ్లకే అని ప్రభుత్వం మార్చింది.

లోకల్ కోటా ఉండాలనే నేనంటాను. ఇక్కడి పన్నులతో నడిచే కాలేజీలో ఆసిఫాబాద్ సర్కారు బడి పిల్లలకి చోటు లేకపోతే ఆ కాలేజీ ఎందుకు? కానీ నాలుగేళ్ల చదువునే కొలతగా పట్టుకుంటే సొంత పిల్లలే బయట పడుతున్నారు. మెడికల్ సీట్ల కేసులో సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్‌లో ఈ నియమాన్ని సమర్థించింది. బయట పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లలకి మినహాయింపు ఉంది, సరే, మరి పాలమూరు నుంచి ముంబైకి కూలికి వెళ్లి అక్కడే పిల్లల్ని చదివించుకున్న మేస్త్రికి ఏది? ఊళ్లో ఇల్లు, ఓటు, రేషన్ కార్డు అన్నీ ఉండి కూడా ఆ బిడ్డ తన రాష్ట్రంలో డాక్టర్ సీటుకి పరాయిదైపోవడం నాకు అస్సలు మింగుడుపడటం లేదు. ఈ మినహాయింపు వలస కూలీలకీ, ప్రైవేటు ఉద్యోగులకీ ఇవ్వాలి.

గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకి ఈ గొడవేం లేదు, సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ స్కోరుతో ఎక్కడివాళ్లైనా రావచ్చు. చిత్రమేమిటంటే ఆ యూనివర్సిటీ పుట్టింది కూడా లోకల్ కోటాకు మూలమైన, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాంతాల గొడవలు తీర్చడానికి కేంద్రం తెచ్చిన 1973 నాటి ఆరు సూత్రాల పథకంలోంచే.

పదో తరగతి పరీక్షలు కాకముందే కాలేజీల వాళ్లు అడ్మిషన్ ఫారాలు పట్టుకుని తిరుగుతారు. ఇక్కడ ఇంటర్ చదివితే ఏ కోటా వస్తుంది, ఏది పోతుంది అన్నది ఆ ఫారం మీదే పెద్ద అక్షరాల్లో వేయమని ఇంటర్ బోర్డు ఆదేశించాలి, అది కూడా వచ్చే ఏడు అడ్మిషన్ల లోపే.