మదర్స్ డే పెట్టింది కార్డుల కంపెనీ కాదు, ఒక కూతురు

మే రెండో ఆదివారం దగ్గరపడితే చాలు, మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చి వాలుతుంది. అమెరికావాళ్లు కన్నతల్లిని వృద్ధాశ్రమంలో వదిలేసి, ఏడాదికోసారి చూసిరావడానికి మదర్స్ డే పెట్టుకున్నారట. గ్రీటింగ్ కార్డుల కంపెనీలు అమ్మకాల కోసం దాన్ని పుట్టించాయట. జరుపుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. కానీ ఒక తల్లీకూతుళ్ల కథ మీద ఇంత అబద్ధం తిరుగుతుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు.

ముందు వృద్ధాశ్రమం మాట. ఈ రోజును మొదలుపెట్టిన ఆనా జార్విస్‌ది వెస్ట్ వర్జీనియా. 1902లో తండ్రి పోయాక తల్లి ఆన్ రీవ్స్ జార్విస్ ఫిలడెల్ఫియాలో ఉంటున్న పిల్లల దగ్గరికే వచ్చేసింది. పెళ్లి చేసుకోని ఆనా, జబ్బుపడ్డ తల్లిని దగ్గరుండి చూసుకుంది. 1905 మే 9న ఆ తల్లి కన్నుమూసింది. అసలు ఆ రోజుల్లో అమెరికాలో కూడా ముసలివాళ్లలో ఎక్కువమంది పిల్లల దగ్గరే ఉండేవాళ్లు.

ఆ తల్లి గురించి కూడా చెప్పాలి. పదిమందికి పైగా పిల్లల్ని కంటే, పెరిగి పెద్దయింది నలుగురే. ఆ కడుపుకోతతోనే 1858లో చుట్టుపక్కల ఊళ్లలో తల్లుల చేత క్లబ్బులు పెట్టించింది. మందులకు చందాలు పోగుచేయడం, క్షయ వచ్చిన తల్లి ఇంట్లో పనికి మనిషిని కుదర్చడం, పిల్లలు తాగే పాలు మంచివో కావో చూడటం వాళ్ల పని. అమెరికాలో అంతర్యుద్ధం వస్తే రెండు వైపుల సైనికులకూ సేవ చేశారు.

ఇక కార్డుల కంపెనీ సంగతి. 1908 మే 10న వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ ఊళ్లో, తల్లి సండే స్కూల్ పాఠాలు చెప్పిన చర్చిలోనే మదర్స్ డే మొదటి సభ జరిగింది. ఆనా అక్కడికి 500 తెల్ల కార్నేషన్లు పంపింది. అమ్మకి ఇష్టమైన పువ్వు అది. వాడిపోయేటప్పుడు కూడా రేకల్ని రాల్చకుండా గుండెకి హత్తుకుంటుందని, తల్లి ప్రేమ అలాంటిదని ఆనా చెప్పేది. చాలామంది వేలెత్తి చూపే హాల్‌మార్క్ కార్డుల కంపెనీ మొదలైందే ఆ తర్వాత, 1910లో. 1914లో మే రెండో ఆదివారాన్ని మదర్స్ డేగా జరపాలని అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, తీర్మానం చేసింది, అధ్యక్షుడు విల్సన్ ప్రకటన ఇచ్చాడు.

వ్యాపారుల చెయ్యి అసలే లేదని నేను అనను. ఫిలడెల్ఫియాలో పెద్ద స్టోర్ యజమాని జాన్ వానమేకర్ మొదట్నుంచీ అండగా ఉన్నాడు. పూలవాళ్లు, మిఠాయిలవాళ్లు, కార్డులవాళ్లు తర్వాత బాగానే సంపాదించారు. వాళ్లతో అందరికంటే గట్టిగా పోట్లాడింది మాత్రం ఆనాయే. అచ్చు కార్డు వద్దు, అమ్మకి నీ చేత్తో నువ్వే ఉత్తరం రాయి అనేది. 1925లో ఫిలడెల్ఫియాలో ఒక సంఘం ఈ రోజు పేరు మీద కార్నేషన్లు అమ్ముతోందని సభలోకే వెళ్లి గొడవపడితే, పోలీసులు అరెస్టు చేశారు.

ఏడాదికోసారి తల్చుకుంటే చాలని ఆమె ఎక్కడా అనలేదు. 1948లో ఒక శానటోరియంలో చనిపోయేనాటికి ఆమె చేతిలో డబ్బు లేదు. ఉన్నదాన్ని ఈ పోరాటానికే ఖర్చుపెట్టేసింది.