అందరి కెమెరాలూ ఆన్, అందరి నోళ్ళూ మ్యూట్?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "ఆన్‌లైన్ ట్రైనింగ్ బాగా జరగాలంటే అందరి కెమెరాలూ ఆన్‌లో ఉండాలి. చెప్పేవాళ్ళు తప్ప అందరూ మ్యూట్, ప్రశ్నలు చివర్లో. రెండు గంటలూ ఏకబిగిన చెప్పేయాలి, మధ్యలో ఆపితే జనం జారుకుంటారు. రానివాళ్ళకి రికార్డింగ్ పంపితే సరి. కొండ ఊళ్ళకి సిగ్నల్ ఉండదు, వాళ్ళని కలపొద్దు." కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

ఈ వైపు కొట్ల వాళ్ళకి జీఎస్టీ లెక్కలు ఆన్‌లైన్‌లో నేర్పడం నా పని. ఆ మెసేజీ రాసినాయన క్లాసు నడిపించడం అంటే జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడం అనుకున్నట్టున్నాడు.

ముందు కెమెరా సంగతి. మొహం కనబడితే వింటున్నట్టేనా? రెప్ప వేయకుండా తెర వైపు చూస్తూ మనసులో నిన్నటి బాకీలు లెక్కేసుకునే వాళ్ళు లేరా? 2021లో అచ్చయిన అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయనంలో ఒక సంస్థ ఉద్యోగులు 103 మందిని నాలుగు వారాలు గమనించారు. కెమెరా ఆన్‌లో పెట్టిన రోజుల్లో అలసట ఎక్కువైంది. అలసినవాళ్ళు మీటింగులో నోరు విప్పడం తగ్గింది. ఆడవాళ్ళకీ, కొత్తగా చేరినవాళ్ళకీ ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మన ఇళ్ళల్లో చెప్పనే అక్కర్లేదు. వెనకాల పొయ్యి, పక్క గదిలో మామగారు, మధ్యలో కోడలు ఫోను పట్టుకుని కూర్చుంటే ఆమె చూపు పాఠం మీద ఉంటుందా, తన వెనకాల ఏం కనబడుతోందో అన్న దాని మీద ఉంటుందా? చెప్పేవాళ్ళ మొహం కనబడాలి, అది ఒప్పుకుంటాను. వినేవాళ్ళని నేను కెమెరా అడిగేది ఒక్క పనికే: "అప్పా, ఫోను ఆ బిల్లు మీదకి తిప్పు, చూద్దాం."

అసలు నష్టం రెండో నియమంతోనే. అందరినీ మ్యూట్ చేసి ప్రశ్నలు చివరికి నెట్టేస్తే, చివర్న వచ్చేది "అర్థమైందా?" "ఆఁ అండీ", అంతే. ఇరవయ్యో నిమిషంలో పుట్టిన అనుమానం గంటన్నర దాటాక ఎవరికి గుర్తుంటుంది? నేను ప్రశ్న ముందు పెడతాను, పాఠం తరవాత. పర్లాకిమిడి కొట్టు నుంచి పాతపట్నం కొట్టుకి స్టీలు సామాను పంపితే ఏ పన్ను? కాశీనగరం పంపితే? ఐజీఎస్టీ (సరుకు రాష్ట్రం దాటితే పడే పన్ను) అయితే చాట్‌లో 1 కొట్టండి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలే అమ్మితే కేంద్రానికీ, రాష్ట్రానికీ పడేవి) రెండూ అయితే 2 కొట్టండి. పాతపట్నానికి కూడా 2 కొట్టేవాళ్ళు బోలెడుమంది. పక్కనే ఉన్న ఊరు, వియ్యంకుల ఊరు, అది వేరే రాష్ట్రమని ఎవరికి తడుతుంది! అప్పుడు కొనేవాళ్ళ జీఎస్టీ నంబరు తీయిస్తాను. మొదటి రెండంకెలు 37 అయితే ఆంధ్ర, 21 అయితే ఒడిశా. తప్పు కొట్టినవాళ్ళు ఇక మర్చిపోరు. అంకెలే ఎందుకంటే, ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్ళో ఒడియా చదివిన పిల్లలు ఇప్పుడు కొట్లు నడుపుతున్నారు. తెలుగు రాయమంటే సగం మంది వెనక్కి తగ్గుతారు.

ప్రశ్న వేశాక ఆగడం కూడా తెలియాలి. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి సగటున 200 మిల్లీసెకన్లు పడుతుందని 2009లో పది భాషలు పరిశీలించి చెప్పారు. ఫోన్లో మాట ఆలస్యంగా చేరుతుంది, మ్యూట్ తీయడానికి ఇంకొంత సేపు. ఈలోపే చెప్పేవాళ్ళు కంగారుపడి జవాబు కూడా తామే చెప్పేస్తారు. మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ ఎవరూ పలక్కపోతే "గుణుపురం వాళ్ళు చెప్పండి" అని ఊరి పేరు పెట్టి పిలవండి. మనిషి పేరు పెట్టి పిలిస్తే బెదురుతారు గానీ, ఊరి పేరు పెడితే పరువు కోసమైనా ఒకరు పలుకుతారు.

రెండు గంటల ఏకబిగి మాట మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. 2021లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు 14 మంది తలలకి మెదడు తరంగాలు కొలిచే పరికరాలు పెట్టి చూశారు. అరగంట మీటింగులు నాలుగు, అంటే సరిగ్గా రెండు గంటలు. విరామం లేకపోతే ఒత్తిడి పోగుపడుతూ పోయింది, మధ్యమధ్య పది నిమిషాలు వదిలితే పోగుపడలేదు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి మీటింగు తెగిపోతుందని అందరూ విసుక్కుంటారు. నాకు మాత్రం అది మేలే చేసింది!

రికార్డింగ్ పంపండి, వద్దనను. కానీ రెండు గంటల వీడియో ఎవరు చూస్తారు? ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో జనం వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలని లెక్కగట్టి 2014లో ఒక పరిశోధన వచ్చింది. వీడియో ఎంత పొడుగున్నా సగానికి సగం సందర్భాల్లో చూసింది ఆరు నిమిషాలకి మించలేదు. అందుకే ఒక బిల్లుకి ఒక చిన్న వీడియో, దాని కింద ఒక ప్రశ్న. జవాబు వాయిస్ మెసేజీలో పంపినవాళ్ళే క్లాసుకి వచ్చినట్టు లెక్క.

ఇక కొండ ఊళ్ళు. ఇది చదివితే ఒళ్ళు మండింది. జూమ్ వాళ్ళ లెక్క ప్రకారమే మాట ఒక్కటీ వినడానికి సెకనుకి 60 నుంచి 80 కిలోబిట్లు చాలు. అంటే గంటకి 36 ఎంబీ దాటదు. ఇద్దరి మధ్య మంచి వీడియోకి అటూ ఇటూ సెకనుకి 600 కిలోబిట్ల చొప్పున కావాలి. అందరి కెమెరాలూ ఆన్ చేయించి లైను కుంగదీసి, ఆనక సిగ్నల్ లేదని వాళ్ళనే తప్పిస్తారా? వీడియో ఆపేసి బిల్లుల ఫోటోలు ముందు రాత్రే వాట్సాప్‌లో పంపితే, బలహీనమైన సిగ్నల్ మీద కూడా కొండ మీది కొట్టు మనిషి మాట వింటూ 1 కొట్టగలడు. నెట్ నిలవని చోట మామూలు కాన్ఫరెన్స్ కాల్ ఉంది, ఐదుగురిని కలుపుకోవచ్చు. టవరే అందని ఊళ్ళ వాళ్ళు సరుకు కొనడానికి ఎలాగూ కిందకి దిగుతారు. ఏ రోజు దిగుతారో ముందే అడిగి క్లాసు ఆ మధ్యాహ్నమే పెట్టండి. సరుకు కొనే కొట్లోనే నలుగురూ ఒక ఫోను ముందు కూర్చుంటారు.