భజనలో లెక్కడిగిన నేరం

విజయనగరంలో మా వీధి చివర ఒక రామమందిరం ఉంది. శనివారం సాయంత్రాలు అక్కడ భజన. పోయిన శనివారం ఆ భజనలో నేనొక నేరం చేశాను. రెండో పాట అయిపోయి మూడోది ఎత్తుకోబోతుంటే, చేతులు కట్టుకునే అడిగాను: "నవరాత్రుల్లో జనరేటర్ అద్దె ఎంతయిందండీ?"

మందిరం కమిటీ సెక్రటరీ గారు తాళాలు కింద పెట్టారు. హార్మోనియం ఒకసారి మూలిగి ఊరుకుంది.

"ఏటండి మాస్టారూ, దేవుడి దగ్గర ఈ గొడవేటి? పూజకి భంగం కలిగిస్తే సెక్షన్ మూడొందలు. తెల్దేటి మీకు?"

తెలీదు. ఇంటికొచ్చి చదువుకున్నాను. చట్టబద్ధంగా పూజలోనో మతపరమైన కార్యక్రమంలోనో ఉన్నవాళ్లకు ఎవరైనా కావాలని ఆటంకం కలిగిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇది 296. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 300. నంబరు మారిన సంగతి సెక్రటరీ గారికి నోటికొచ్చినందుకు ముచ్చటేసింది. జనరేటర్ అద్దె మాత్రం ఆయనకి ఇంకా గుర్తు రాలేదు. బెయిల్ వచ్చే నేరమేనని చెప్పాక మా ఆవిడ కూడా నిశ్చింతగా పడుకుంది.

చట్టం మంచిదే. నమాజు మధ్యకో, చర్చి ప్రార్థనలోకో, గుళ్లో హారతి వేళకో ఎవడో వచ్చి కేకలు పెడుతుంటే అది వాడి వాక్ స్వాతంత్ర్యమని ఊరుకోమనే రకం కాదు నేను. నా బాధల్లా ఈ సెక్షన్‌ని గట్టిగా అమలు చెయ్యడం లేదనే.

మా భజనే చూడండి. పల్లవి అందుకుని నలుగురూ ఊపు మీదుండగా పాట ఆపేస్తారు. మైకు మీద రెండుసార్లు తట్టి, "ఫలానా వారి మనవడి పుట్టినరోజు సందర్భంగా అయిదొందల పదహార్లు" అని చదువుతారు. ఇంటిపేరు తప్పు పలికారని దాత వెనకనుంచి కేకేస్తే మళ్లీ చదువుతారు. ఈలోగా రాముడు అడవికి వెళ్లాలో వద్దో తెలీక చరణం మధ్యలో నిలబడి ఉంటాడు. ఇది ఆటంకం కాదట. జమ చదివితే భక్తి, ఖర్చు అడిగితే భంగం. ఇంత సున్నితమైన తేడా చట్టంలో నాకెక్కడా దొరకలేదు. కమిటీ సంప్రదాయంలో ఉండి ఉంటుంది.

పెద్ద గుళ్లలో అయితే ఇంకా పెద్ద నేరస్థులు తిరుగుతుంటారు. పర్వదినం నాడు తెల్లవారుజాము నుంచీ క్యూలో నిలబడ్డ ముసలమ్మ గడప దాకా వచ్చేసరికి అడ్డంగా తాడు కడతారు. ఇస్త్రీ బట్టల్లో ఒకాయన, ఆయన వెనక ఇరవై మంది, వాళ్ల వెనక కెమెరాలు. ఆవిడ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉంటుంది. సెక్షన్‌లో 'కావాలని' అన్న మాట ఉంది కదా, ఆయన కావాలని రాలేదు, పార్టీ పంపితే వచ్చాడు అనుకోవాలి. ఆ లెక్కన హరికథలో నా గురక కూడా క్షమించదగ్గదే.

'చట్టబద్ధంగా' అన్న మాట ఇంకా ఇబ్బందికరం. అంటే ముందు పూజే చట్టం దాటకూడదు. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్ దాటకూడదు. ఆ ఏడాదే చెన్నైలోని ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని, మైకులు పెట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదంది. మా మందిరం హారన్ నా కిటికీ వైపే తిరిగి ఉంటుంది. భక్తి నాకే తక్కువని పసిగట్టి తిప్పి ఉంటారు. రాజ్యాంగం 19(1)(ఎ) కింద నాకు గొంతిచ్చింది గానీ హారన్ ఇవ్వలేదు. మా ఊరి జాతరలో పైడితల్లమ్మ సిరిమాను కోట దాకా మూడుసార్లు తిరిగే మంగళవారం నాటి జనఘోషలో నా ప్రశ్న దోమ రొదపాటి కూడా చెయ్యదు. అమ్మవారు ఎప్పుడూ ఎవరినీ సెక్షన్ పెట్టి భయపెట్టలేదు కూడా.

అయినా నేరం నేరమే. శిక్ష ఎంతుండాలో పరదేశం వైపు చూశాను. 1998 ఈస్టర్ నాడు ఇంగ్లండులోని కాంటర్‌బరీ కెథెడ్రల్‌లో ఆర్చిబిషప్ ప్రసంగిస్తుంటే పీటర్ టాచెల్ అనే హక్కుల కార్యకర్త వేదికెక్కి, స్వలింగ ప్రియుల హక్కుల గురించి నిలదీశాడు. 1860 నాటి చర్చి చట్టం కింద కేసు పెట్టారు. జడ్జిగారు వేసిన జరిమానా 18 పౌండ్ల 60 పెన్నీలు. కోర్టు ఖర్చులు వేరే. ఖర్చు ఎంతో అక్కడ పైకే చెప్పారు చూశారా!

మన పాత శిక్షాస్మృతి కూడా 1860దే. ఆ లెక్కన నాకు 18 రూపాయల 60 పైసలు పడాలి. కాదు, కొత్త చట్టం 2023ది అని సెక్రటరీ గారు పట్టుబడితే 20 రూపాయల 23 పైసలు. నేను బేరమాడను. నవరాత్రులకు నేనిచ్చిన 1,116లోంచి అది మినహాయించుకుని, మిగతా 1,095 రూపాయల 77 పైసలు ఏమయ్యాయో చెబితే చాలు.