మలేరియా రిపోర్టులోని సున్నా గారికి

మహారాజశ్రీ సున్నా గారికి,

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నెల నెలా రిపోర్టులో తమరి గడి చూసినప్పుడల్లా ఒకటే అనుమానం: జ్వరాలు లేక వచ్చారా, పరీక్షలు లేక వచ్చారా?

ఏడాదిలో వెయ్యిమంది జనాభాకు తేలిన కేసులు ఏపీఐ. నూటికి ఎందరి రక్తం చూశారన్నది ఏబీఈఆర్; అది 10కి తగ్గకూడదు. అంటే 2000 జనాభా ఉన్నచోట ఏడాదికి 200 రక్తపూతలు (వేలు పొడిచి గాజుపలక మీద పూసిన రక్తపు చుక్కలు). జ్వరాలు ముసిరే ఆగస్టు, సెప్టెంబరుల్లోనే వాగులు పొంగి ఊళ్లు తెగిపోతాయి, పూతలు రావు. డిసెంబరులో లక్ష్యం గుర్తొస్తుంది. జ్వరం లేక గోలీలాడుకునే బడిపిల్లల వేళ్లు వరసగా పొడుస్తారు. ఏబీఈఆర్ 10 దాటుతుంది, తమరు గద్దెనెక్కుతారు.

పూత కథ వేరు. మందపు పూత సెంటీమీటరు వెడల్పున, కింద పెట్టిన పేపరు అక్షరాలు లీలగా కనబడేలా ఉండాలి. రంగు వేసేటప్పుడు ఎర్రకణాలు నీళ్లకు పగిలి కొట్టుకుపోతేనే పరాన్నజీవి బయటపడుతుంది. అదే పూత కిటికీ గూట్లో పదిరోజులు ఉక్కలో మగ్గితే రక్తం గాజుకు అతుక్కుపోతుంది. ఆపైన ఎంత రంగు పోసినా మిగిలేది మడ్డి. మూత పెట్టకపోతే చీమలూ ఈగలూ ముందే పని కానిస్తాయి. మైక్రోస్కోపు కింద 100 ఫీల్డులు (ఒక్కో చూపుకు కనబడే మేర) చూడాల్సినవాళ్లు 20 చూసి 'నెగిటివ్' రాసేస్తే, చీమలకు దక్కిన పూతా నెగిటివే. (చీమలకు జ్వరం రాలేదు, అది నిజమే.)

తమరికి గిట్టనిది అక్కడికక్కడే ఫలితం చెప్పే ఆర్‌డీటీ కిట్టు ఒక్కటే. మందు మింగి నయమైన వారాల తరవాత కూడా అది ఫాల్సిపారం రకం మలేరియా గీత చూపిస్తూనే ఉంటుంది. అందుకే మందు పనిచేసిందా లేదా తేల్చడానికి దాన్ని నమ్మకూడదు. కానీ కొత్త జ్వరానికి అదే దిక్కు. అది నిండుకున్న నెల తమరి వైభవం చూడాలి!

మిర్చి ఏరడానికి గోదావరి దాటినవాళ్లకు అక్కడే జ్వరమొస్తే, ఏ ఆర్‌ఎంపీ దగ్గరో ఒక సూది. ఆ కేసు అటు రిజిస్టరులోనూ లేదు, ఇటూ లేదు. వైవాక్స్ రకం మలేరియా అయితే ప్రైమాక్విన్ బిళ్లలు 14 రోజులు వేయాలి; మూడోరోజు జ్వరం జారగానే బిళ్లలు గూట్లోకెక్కుతాయి. కొన్ని నెలలకు అదే జ్వరం మళ్లీ.

కాబట్టి వచ్చే నెల ఒంటరిగా వేంచేయకండి. జ్వరాలెన్ని, పరీక్షలెన్ని, కిట్లు లేని రోజులెన్ని, పూత తీసిన తేదీ, చూసిన తేదీ వెంటబెట్టుకు రండి. పరీక్ష జరగని నెల మాత్రం ఆ గడి అడ్డగీతది. కాస్త జరిగి చోటివ్వగలరు.

ఇట్లు,
తమరి రిజిస్టరు మోసేవాళ్లు