బ్రేకులో గాలి: పంపుతో లాగాలా, చేత్తో నొక్కాలా?

భీమిలి దారిలో ఒక మెకానిక్ షెడ్డు. బీచ్‌లో అద్దెకు తిప్పే ఏటీవీ, అంటే ఇసుకలో నడిచే నాలుగు చక్రాల బండి, ఒకటి పనికి వచ్చింది. ముందు బ్రేక్ లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. ప్యాడ్లు కొత్తవి, హోస్ కొత్తది, ఎక్కడా లీకు లేదు. అంటే బ్రేక్ ఆయిల్ పైపులో గాలి ఉంది. దాన్ని తీసే పద్ధతి దగ్గరే మేస్త్రికీ మేనల్లుడికీ పడలేదు.

అల్లుడు: ఈ వాక్యూమ్ పంపు ఉండగా కుర్రాణ్ణి కూర్చోబెట్టి "నొక్కు, వదులు" అని అరవడం దేనికి మావయ్యా? ఒక్కడినే చేసేస్తాను.

మేస్త్రి: ఇందాక లాగావుగా. ట్యూబులో ఏం కనిపించింది?

అల్లుడు: బుడగలు. వస్తూనే ఉన్నాయి.

మేస్త్రి: వస్తూనే ఉంటాయి. చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మర, అదే నిపుల్, వదులు చేశాక దాని థ్రెడ్డు సందుల్లోంచి బయటి గాలిని కూడా నీ పంపు లాగేస్తుంది.

అల్లుడు: థ్రెడ్డుకి కాస్త గ్రీజు రాస్తే ఆగిపోతుంది.

మేస్త్రి: కొంత ఆగుతుందనుకో. మిగిలిన బుడగల్లో లోపలిదేదో బయటిదేదో ఎలా చెబుతావు? చేత్తో చేస్తే ఆ అనుమానమే ఉండదు. ట్యూబు కొసను సీసాలోని కొత్త ఆయిల్లో ముంచుతాం. కుర్రాడు లివర్ నొక్కి పట్టుకుంటాడు. నేను స్పానర్‌తో నిపుల్ పావు తిప్పు తెరుస్తాను. లివర్ కిందికి దిగుతుంది, ఆయిల్‌తో పాటు గాలీ పోతుంది. నిపుల్ బిగించాకే వాడు వదలాలి, ముందే వదిలితే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. నాలుగైదు సార్లకోసారి పైన ఆయిల్ నిలవుండే రిజర్వాయర్‌లో ఆయిల్ పోస్తుండాలి. అక్కడ ఖాళీ అయిందా, పైనుంచి గాలి దూరుతుంది, పని మొదటికొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, లివర్ గట్టిపడుతుంటే వేళ్లకే తెలిసిపోతుంది. నీ పంపు మీద ముల్లు తిరుగుతుంది తప్ప, బ్రేక్ పట్టిందో లేదో అది చెప్పదు.

అల్లుడు: ఆ వేళ్లతోనే లివర్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్లు పాడుచేశాం మనం. ఇది ఉప్పు గాలిలో తిరిగే పాత బండి. పిస్టన్ రోజూ కదిలే మేర నున్నగా ఉంటుంది, ఆపైన తుప్పూ మడ్డీ పేరుకుని ఉంటాయి. లివర్ హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కిస్తే పిస్టన్ మీది రబ్బరు సీల్ ఆ తుప్పు మీదకు వెళ్లి చిరుగుతుంది. గాలి తీయమని ఇచ్చిన బండికి సిలిండర్ మార్చమని చెప్పాల్సి వస్తుంది.

మేస్త్రి: (కాసేపు ఆగి) అది నిజమే. అందుకే లివర్ వెనక చెక్క ముక్క పెట్టిస్తున్నాను. నాలుగు నొక్కుళ్లు ఎక్కువవుతాయి, కానీ సీల్ బతుకుతుంది.

అల్లుడు: అంత తిప్పలెందుకు? సిరంజితో నిపుల్ నుంచి పైకి ఆయిల్ ఎక్కిస్తే గాలి దానంతటదే పైకి పోతుంది.

మేస్త్రి: చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోని నల్ల మడ్డి కూడా పైకే పోతుంది! మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వచ్చే రంధ్రం సూదిమొనంత ఉంటుంది. అది మూసుకుంటే పట్టిన బ్రేక్ వదలదు. కాలిపర్ కొత్తదైతే నేనే సిరంజి పట్టుకుంటాను. ఇంకా గాలి మిగిలితే రాత్రికి లివర్‌ని సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేస్తాను, పొద్దుటికి గట్టిపడుతుంది.

అల్లుడు: నొక్కి ఉంచితే నువ్వు చెప్పిన ఆ రంధ్రమే మూసుకుని ఉంటుంది కదా. గాలి ఎటు పోతుంది?

మేస్త్రి: ఒత్తిడికి బుడగ చిన్నదై, పైపు గోడను వదిలి పైకి పాకుతుంది. పొద్దున లివర్ వదలగానే రిజర్వాయర్‌లో తేలుతుంది.

అల్లుడు: కాలిపర్ మూలలో ఇరుక్కున్న గాలికి అది పనిచేయదు.

మేస్త్రి: చేస్తుందని నేననలేదు. పై పైపులో మిగిలినదానికే.

అల్లుడు: పద్ధతి సంగతి సరే, నువ్వు పోసే ఆయిల్ మాటేమిటి? ఆ సగం టిన్ను మూత తీసి ఎన్నాళ్లయిందో నీకే తెలీదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మనం పోసే డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హామీ 155కి దిగుతుంది. మరిగితే మళ్లీ బుడగలే.

మేస్త్రి: ఇసుకలో తిరిగే బండికి అంత వేడి ఎక్కడిదిరా?

అల్లుడు: అద్దెకు తీసుకున్నవాళ్లు భయంతో బ్రేక్ సగం నొక్కిపెట్టే నడుపుతారు. నువ్వే డిస్కు నీలంగా మారిందని చూపించావు. పైగా ఆ నీరే లోపల తుప్పు. ఇది చాలదన్నట్టు కాలిపర్ పెట్రోలుతో కడుగుతావు, సీళ్ల రబ్బరు ఉబ్బిపోదూ?

మేస్త్రి: గ్రీజు రాస్తానన్నది ఎవరు? దానికి ఉబ్బదా?

అల్లుడు: నేను రాస్తానన్నది బయట థ్రెడ్డుకి.

మేస్త్రి: నిపుల్ బిగించేటప్పుడు లోపలికి పోకుండా కాపలా కాస్తావా? సర్లే, పెట్రోలు మానేస్తాను, నువ్వు గ్రీజు మానెయ్. ఆ టిన్ను కూడా పక్కన పడేయ్. కొత్తదానికి డబ్బులెవరిస్తారు?

అల్లుడు: బండి ఓనరు.

మేస్త్రి: ప్యాడ్ల డబ్బులే ఇంకా రాలేదు. పంపు కొన్న కొట్టులోనే నీ ఖాతాలో రాయించి తీసుకురా. ఈలోపు రిజర్వాయర్‌లో అడుగున కాస్త ఉంచి పాత ఆయిల్ లాగేస్తాను. ఆ పంపు ఇలా ఇవ్వు, ఆ పనికైతే బాగానే ఉంటుంది.